పక్కింటి మీటరు

పొదుపు అలవాట్లు చాలావరకు ఇరుగుపొరుగును చూసే అబ్బుతాయి. ఆ సంగతి ఒప్పుకునేవాళ్లే తక్కువ. కరెంటు ఎందుకు ఆదా చేస్తున్నారని అమెరికాలోని కాలిఫోర్నియాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు అడిగితే, పర్యావరణం కోసమనే మాటే ముందు వచ్చింది. పక్కవాళ్లను చూసి అన్న కారణం చిట్టచివరన నిలిచింది. తీరా లెక్క తీస్తే, జనం వాడకంతో గట్టిగా ముడిపడింది అదే.

అక్కడి శాన్ మార్కోస్ పట్టణంలో జరిగిన ప్రయోగం (2007లో అచ్చయింది) మరీ చిత్రం. సుమారు 300 ఇళ్ల తలుపులకు చీటీలు తగిలించారు: మీ వాడకం ఇంత, మీ పేట సగటు ఇంత అని. ఎక్కువ కాల్చేవాళ్లు తగ్గించారు. చిక్కంతా పొదుపరులతోనే వచ్చింది. మనమే తక్కువ వాడుతున్నామా అనుకున్నారో ఏమో, పెంచేశారు! కొన్ని చీటీల మీద మాత్రం మెచ్చుకోలుగా ఓ నవ్వు ముఖం బొమ్మ వేశారు. అది అందుకున్న పొదుపరులు పొదుపుగానే ఉండిపోయారు.

ఆ కిటుకునే ఓపవర్ అనే సంస్థ ఇంటింటికీ పంపే నివేదికల్లోకి ఎక్కించింది. 2011లో వెలువడిన పరిశీలన ప్రకారం, సుమారు 6 లక్షల ఇళ్లను పోల్చి చూస్తే, నివేదికలు అందిన ఇళ్లలో వాడకం సగటున 2 శాతం తగ్గింది.