వార్తల్లో పదం: గర్భకాలపు బరువు

నల్లమల చెంతనున్న ఆళ్లగడ్డ ప్రాంత గ్రామములలో గర్భిణి తూకపు యంత్రముపై నిలిచినపుడు మాతాశిశు సంరక్షణ కార్డులో అంగన్‌వాడీ కార్యకర్త వ్రాయు అంకె, తల్లి ఆరోగ్యమునకే గాక పుట్టబోవు శిశువు క్షేమమునకు సైతము సూచిక. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గముచే భాగింపగా వచ్చు శరీర ద్రవ్యరాశి సూచిక, గర్భధారణకు ముందు 18.5 కంటె తక్కువగా నున్న స్త్రీ, అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో నిర్ణయించిన ప్రమాణము ననుసరించి, నెలలు నిండునాటికి 12.5 మొదలు 18 కిలోల వరకు పెరుగవలెను. ఆ సూచిక 30 గాని అంతకు మించి గాని యున్నచో 5 మొదలు 9 కిలోలు చాలును. పెరుగుదల కొఱవడినచో రెండున్నర కిలోలకు లోపు బిడ్డ జనించు ప్రమాదమును, మితిమీరినచో గర్భకాల మధుమేహము, అధిక రక్తపోటు, సిజేరియన్ కాన్పుల ముప్పును హెచ్చును. బిడ్డ పెద్దదైనచో కాన్పు కష్టమగునను భయముతో కడుపు మాడ్చుకొను అలవాటు మిక్కిలి శోచనీయము. గర్భిణి యున్న ప్రతి యింటివారును మూడవ నెల నిండకమునుపే ఆమె పేరు నమోదు చేయించి, నెలనెలా తూకము చూపింపవలెను.