పిల్లల పరిశోధన – ఎవరి సొమ్ము కోసం?

అపరాధ పరిశోధన అనగానే మనకు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ గుర్తుకొస్తాడు, పిల్లలు గుర్తుకురారు. పిల్లలే నేరాన్ని ఎదిరించిన తెలుగు చిత్రాల్లో గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’ (1996) చెప్పుకోదగింది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న సన్నీ, బన్నీ సంపన్నుడైన తాత పంచన చేరతారు. వాళ్ల ప్రాణాలకు ముప్పు ఆస్తి వల్లనే. కుటుంబ మమతల చాటున వారసత్వపు లెక్కలుంటాయని చిత్రం చూపింది గాని, ఆ ఆస్తిని ప్రశ్నించలేదు. దుర్మార్గుడి పీడ వదిలితే చాలు, ఆస్తి పవిత్రమైపోతుంది!

ఎరిక్ కెస్ట్‌నర్ జర్మన్ నవల ‘ఎమిల్, డిటెక్టివులు’ (1929) చూడండి. 1931లో చిత్రంగా కూడా వచ్చింది. ఇందులో పోయింది 140 మార్కులు. తల్లి ఇంట్లోనే పరుల తలలు కడిగి, జుట్టు తీర్చి కూడబెట్టిన డబ్బు. దొంగెవరో మొదటే తెలుసు; అయినా ఉత్కంఠ సడలదు. బెర్లిన్ పిల్లలు గుంపుగా వాణ్ణి వెంటాడతారు. పోతుందేమోనన్న భయంతో ఎమిల్ నోట్లను కోటు లోపల గుండుసూదితో గుచ్చుకున్నాడు. చివరకు బ్యాంకులో ఆ చిల్లులే సాక్ష్యం. కష్టార్జితం విలువ తెలిసిన పిల్లవాడి జాగ్రత్తలోంచే ఆధారం పుట్టింది. శిల్పం వస్తువులోంచి రావడమంటే ఇదే.

మంథనిలో తరగతికి ఈ కథ చెప్పినప్పుడు, బీడీలు చుట్టే ఇంటి పిల్లవాడొకడు దొంగకేమయిందని అడగలేదు. “అది వాళ్లమ్మకు ఎన్ని రోజుల పని, సార్?” అన్నాడు.