కణపు పొరను త్రోసికొనిపోవు సూక్ష్మజీవి

పాతరగడ్డిని మేపు రైతులు లిస్టీరియా అను సూక్ష్మజీవిని గూర్చి తెలిసికొనుట మేలు. గాలి చొచ్చి చెడిన పాతరగడ్డిలో నిది వృద్ధియగును. ఇది మెదడునకు సోకిన గొఱ్ఱెలును మేకలును ఒకే ప్రక్కకు గుండ్రముగా తిరుగుచు కూలిపోవును, చూలుపశువులు ఈచుకపోవును. గర్భిణీస్త్రీలకును గర్భస్రావము కలుగవచ్చును.

ఈ జీవి పొడవు మిల్లీమీటరులో వేయవవంతు మొదలు రెండు వంతులు మాత్రమే. ఇది కణమునుండి కణమునకు ఎట్లు సాగిపోవునో 1989లో అమెరికాలో టిల్నీ, పోర్ట్నాయ్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. కణములో ఆక్టిన్ అను మాంసకృత్తు గలదు. లిస్టీరియా దానిని తన వెనుక పోగులుగా కూర్పించును. పోగులు పెరిగినకొలది జీవి ముందునకు నెట్టబడును. వెనుక తోకచుక్క తోకవంటిది నిలుచును.

అట్లు పోయి పోయి అది కణపు పొరను తాకును. ఆ పొర మందము మిల్లీమీటరులో సుమారు రెండులక్షలవ వంతు. పలుచనిదైనను, దానిని త్రోయుట సులభమా కాదా యనునది బిగువుపై ఆధారపడియుండును. వదులైన గోనెసంచిని లోపలినుండి కఱ్ఱతో పొడిచినచో గోనె ముందునకు పొడుచుకొనివచ్చును. తప్పెటకు బిగించిన చర్మమును అంతే బలముతో పొడిచినను అంతగా లొంగదు. కణపు పొరయు నట్లే.

కణములు ఒండొంటితో కలియుచోట పొర బిగువుగా నుండును. లిస్టీరియా యచ్చట నెట్టుటతోనే తృప్తిపడదు. అది విడుచు నొక మాంసకృత్తు ఆ బిగువును సడలించునని 2009లో వెల్లడియైనది. అంతట పొర వ్రేలివలె సాగి ప్రక్కకణములోనికి చొచ్చును. ఆ కణము దానిని మ్రింగును. పిదప జీవి తన్ను చుట్టిన రెండు పొరలను ఛేదించుకొని మరల పయనించును. ఇట్లు కణముల వెలుపలికి రాకయే వ్యాపించుటచే, రక్తములోని రక్షకపదార్థములకు ఇది చిక్కదు.

కావున లోనికి రానీయకుండుటయే మేలైన యుపాయము. పాతరలో మేతను గట్టిగా త్రొక్కి, గాలి చొరకుండ కప్పవలెను. చక్కగా పులిసిన మేతలో నీ జీవి పెరుగజాలదు. బూజుపట్టిన, దుర్గంధముగల భాగమును పశువులకు వేయరాదు. చల్లనిచోట నుంచినను ఇది పెరుగును గనుక, పాలను కాచియే త్రాగవలెను.