చిహ్నం - అభిమానం

క్రీడాజట్టుకు చిహ్నం పతాకం వంటిది. దానిని మార్చినపుడు అభిమానుల మనస్సు ఎట్లు స్పందిస్తుందో తెలిపే ఉదంతమొకటి అమెరికా ఐస్ హాకీ చరిత్రలో ఉంది.

న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు 1972లో ఏర్పడింది. వలయంలో లాంగ్ ఐలాండ్ ద్వీపపటం, ఎన్, వై అనే అక్షరాలు, రెండవ అక్షరపు కాడగా హాకీ కర్ర - ఇదీ దాని తొలి చిహ్నం. దీనిని ధరించియే ఆ జట్టు 1980 నుండి 1983 వరకు వరుసగా నాలుగుసార్లు స్టాన్లీ కప్పును గెలుచుకొన్నది. కాలక్రమంలో విజయాలు తరిగాయి. 1995లో యాజమాన్యం పాత చిహ్నాన్ని తొలగించి, వానకోటు తొడిగి, హాకీ కర్ర చేతబూనిన గడ్డపు జాలరి బొమ్మను ప్రవేశపెట్టింది. ద్వీపవాసులకు సముద్రంతో గల అనుబంధాన్ని సూచించడం దీని ఉద్దేశం.

ఆశయం మంచిదే అయినా అభిమానులు అంగీకరించలేదు. ఆ బొమ్మ గోర్టన్స్ అనే చేపల ఆహార సంస్థ గుర్తును పోలి ఉండటంతో, ప్రత్యర్థులైన రేంజర్స్ అభిమానులు 'మాకు చేపముక్కలు కావాలి' అని ఎగతాళి చేశారు. జట్టు పరాజయాలు ఆ పరిహాసానికి ఆజ్యం పోశాయి. 1997 నాటికి జాలరి నిష్క్రమించాడు; పాత చిహ్నమే నిలిచింది.

విచిత్రమేమంటే, నాడు తిరస్కరించిన బొమ్మపైనే అనంతరకాలంలో పలువురికి మక్కువ కలిగింది. 2022లో రూపొందిన ప్రత్యేక దుస్తులపై జాలరి మళ్ళీ కనిపించాడు. చిహ్నానికి విలువ నిచ్చేది గీతల సొగసు కన్న, దానితో ముడివడిన జ్ఞాపకమే.