భాగం 7: యూరప్ చిత్రకళలో దైవతీర్పు కథలు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• బైబిల్‌లోని దైవతీర్పు కథలు యూరప్ కళలో ఏ ఏ రూపాలు తీసుకున్నాయో వివరించగలుగుతారు.
• ఒకే ఇతివృత్తాన్ని వేరువేరు కాలాల కళాకారులు వేరువేరుగా చూపడానికి గల కారణాలను గుర్తించగలుగుతారు.
• మూడు ప్రశ్నల సాయంతో ఒక తీర్పు చిత్రాన్ని స్వయంగా విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

మనిషి చేసిన తప్పుకు దేవుడు తీర్పు చెప్పడం అనే ఇతివృత్తం బైబిల్ మొదటి గ్రంథం నుంచి చివరి గ్రంథం దాకా కనిపిస్తుంది. ఆదికాండంలో ఆదాము హవ్వలను ఏదెను తోట నుంచి వెళ్లగొట్టడం, నోవహు కాలంనాటి జలప్రళయం, సొదొమ గొమొర్రాల నాశనం ఉన్నాయి. దానియేలు గ్రంథంలో బెల్షస్సరు రాజు పతనం ఉంది. మత్తయి సువార్తలో గొల్లవాడు గొర్రెలను, మేకలను వేరు చేసినట్లు మనుషులను వేరు చేసే రాజు ప్రస్తావన వస్తుంది. ప్రకటన గ్రంథం అంతిమ తీర్పుతో ముగింపుకు వస్తుంది.

ఈ కథలను యూరప్ కళాకారులు శతాబ్దాలపాటు చర్చి ద్వారాల మీద చెక్కారు, గోడల మీద చిత్రించారు, పుస్తకాల్లో అచ్చు వేశారు. చదువురాని ప్రజలను భయపెట్టి మంచి దారిలో పెట్టడానికే ఈ చిత్రాలు వేశారని చాలామంది అనుకుంటారు. ఇందులో కొంత నిజం ఉంది. అయితే భయపెట్టడం ఒక్కటే ఉద్దేశమైతే ఈ చిత్రాలన్నీ ఇంచుమించు ఒకే రకంగా ఉండాలి. అవి అలా లేవు. కొన్నింటిలో దయ్యాలు మనుషులను లాక్కుపోతుంటాయి. కొన్నింటిలో ఒక్క దయ్యం కూడా కనిపించదు. ఒక చిత్రంలోనైతే శిక్ష పడినవారి మీదే మనకు జాలి కలుగుతుంది.

ఈ తేడాలు ఎందుకు వచ్చాయి? దీనికి జవాబు చిత్రంలోని దేవుణ్ణి, శిక్షను మాత్రమే చూస్తే దొరకదు. చిత్రకారుడు చూసేవారిని ఎక్కడ నిలబెట్టాడో గమనించాలి. అందుకోసం ప్రతి చిత్రం ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం.

1. ఈ చిత్రం ఎక్కడ ఉండేది? దాన్ని ఎవరు చూసేవారు?
2. కథలోని ఏ ఘట్టాన్ని కళాకారుడు ఎంచుకున్నాడు?
3. చూసేవారు ఎవరి పక్షాన నిలబడి ఉన్నట్లు అనిపిస్తుంది?

ఇక్కడ ఆరు రచనలను ఈ ప్రశ్నలతో పరిశీలిద్దాం.

7.2 గుమ్మం మీద తీర్పు: ఓటన్ చర్చి

ఫ్రాన్స్‌లోని బుర్గుండి ప్రాంతంలో ఓటన్ అనే పట్టణం ఉంది. అక్కడి సెయింట్ లాజరస్ చర్చి పడమటి ద్వారం పైన అర్ధవృత్తాకారంలో ఒక పెద్ద శిల్పఫలకం ఉంది. చర్చి ద్వారం పైన ఉండే ఇలాంటి ఫలకాన్ని టింపనం అంటారు. ఇది సుమారు 1130 ప్రాంతంలో తయారైంది. మధ్యలో క్రీస్తు చాలా పెద్ద ఆకారంలో కూర్చుని ఉంటాడు. ఆయన పాదాల కింద గిస్లెబెర్టుస్ అనే పేరు చెక్కి ఉంది. అది శిల్పి పేరా, లేక పని చేయించిన వ్యక్తి పేరా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు.

ఇటువంటి చిత్రాలను చదవడానికి ఒక నియమం గుర్తుంచుకోవాలి. రక్షణ పొందినవారు క్రీస్తుకు కుడివైపున, అంటే చూసేవారికి ఎడమవైపున ఉంటారు. శిక్ష పొందినవారు దానికి ఎదురువైపున ఉంటారు. ఓటన్‌లో ఆ వైపున ఆత్మలను తూచే త్రాసు కనిపిస్తుంది. ఒక పక్క దేవదూత, మరొక పక్క సన్నని కాళ్ల దయ్యాలు. కింది వరసలో మృతులు సమాధుల నుంచి లేస్తుంటారు. వారిలో ఒకడి తలను రెండు పెద్ద చేతులు పట్టుకుని పైకి లాగుతుంటాయి. ఆ చేతులు ఎవరివో మనకు కనిపించదు.

అదే వరసలో యాత్రికులు కూడా ఉన్నారు. వారి సంచుల మీద గవ్వ, శిలువ గుర్తులు ఉన్నాయి. ఓటన్‌కు యాత్రికులు నిజంగానే వచ్చేవారు. అంటే ఆ ద్వారం కింద నిలబడిన యాత్రికుడు తన లాంటి మనిషినే తీర్పు వరసలో చూసేవాడు. ఆ కింద నుంచి నడిచి లోపలికి వెళ్లేవాడు. ఇక్కడ తీర్పు దూరాన ఉన్న సంగతి కాదు, దాటవలసిన గుమ్మం.

18వ శతాబ్దంలో అభిరుచులు మారాయి. ఈ శిల్పం మొరటుగా ఉందని భావించి దాన్ని సున్నపు పూతతో కప్పేశారు. ముందుకు పొడుచుకు వచ్చిన క్రీస్తు తలను తీసివేశారు. 19వ శతాబ్దంలో పూత తొలగించారు. ఫ్రెంచి విప్లవ కాలంలో చాలా చర్చి శిల్పాలు దెబ్బతిన్నాయి. ఇది పూత కింద ఉండడం వల్ల మిగిలింది.

7.3 వడ్డీ వ్యాపారి కొడుకు కట్టించిన చర్చి: జొట్టో

ఇటలీలోని పాడువా పట్టణంలో ఎన్రికో స్క్రొవెన్యి అనే ధనికుడు ఒక చిన్న చర్చి కట్టించాడు. దాని లోపలి గోడలన్నింటికీ జొట్టో ఫ్రెస్కోలు వేశాడు. తడి సున్నపు పూత మీద, అది ఆరకముందే రంగులు వేసే పద్ధతిని ఫ్రెస్కో అంటారు. ఈ పని సుమారు 1305 నాటికి పూర్తయింది. ద్వారం ఉన్న గోడ మీద లోపలివైపు అంతిమ తీర్పు ఉంది. ప్రార్థన ముగించుకుని బయటికి వెళ్లేవారికి అది ఎదురుగా కనిపిస్తుంది.

ఎన్రికో తండ్రి రెజినాల్డో వడ్డీ వ్యాపారి. వడ్డీకి అప్పులివ్వడం పాపమని ఆనాటి చర్చి బోధించేది. కవి దాంతే తన కావ్యంలో రెజినాల్డోను నరకంలోని వడ్డీ వ్యాపారుల మధ్య కూర్చోబెట్టాడు. జొట్టో చిత్రంలోని నరకంలోనూ డబ్బు సంచులతో వేలాడే మనుషులున్నారు. అదే చిత్రంలో శిలువకు ఇటువైపు, రక్షణ పొందినవారి పక్షాన, ఎన్రికో మోకరిల్లి తాను కట్టించిన చర్చి నమూనాను సమర్పిస్తుంటాడు.

దీన్ని బట్టి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, తీర్పు చిత్రం మరణానంతర విషయాలతోపాటు తన కాలపు సమాజాన్ని కూడా విమర్శిస్తుంది. ఏ వృత్తివారు నరకంలో ఉండాలన్నది ఆనాటి సమాజం వేసిన తీర్పే. రెండవది, డబ్బు పెట్టి చిత్రం వేయించినవాడు ఆ చిత్రంలోనే తన స్థానాన్ని ముందుగా నిర్ణయించుకోగలిగాడు. చిత్రం పైభాగంలో ఇద్దరు దేవదూతలు ఆకాశాన్ని కాగితపు చుట్టలా చుట్టేస్తుంటారు. కాలం ముగిసిందని చెప్పడానికి ఇంతకన్న తేలికైన పద్ధతి ఉండదు.

7.4 రోగుల ఎదుట తీర్పు: రోజియర్ వాన్ డెర్ వేడెన్

బుర్గుండి ప్రభువు దగ్గర ఛాన్సలర్‌గా ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ 1443లో బోన్ పట్టణంలో పేదల కోసం ఒక ఆసుపత్రి స్థాపించారు. దాని ప్రార్థనా స్థలం కోసం రోజియర్ వాన్ డెర్ వేడెన్ అనేక పలకలతో కూడిన పెద్ద చిత్రం తయారుచేశాడు. తలుపుల్లా మూసి తెరిచే వీలున్న ఈ చిత్రాన్ని ఆదివారాల్లో, పండుగ రోజుల్లో తెరిచేవారు. రోగుల మంచాలున్న పొడవాటి గది చివరనే ప్రార్థనా స్థలం ఉండేది.

ఈ చిత్రాన్ని చూసినవారిలో చావుకు దగ్గరైనవారు చాలామంది. ఈ సంగతి చిత్రకారుడికి తెలుసు. చిత్రం మధ్యలో ప్రధానదూత మిఖాయేలు తెల్లని వస్త్రాలతో నిలబడి త్రాసు పట్టుకుని ఉంటాడు. అతని చూపు నేరుగా మన మీదే ఉంటుంది. పాపాల తట్ట బరువుతో కిందికి దిగి ఉంటుంది. నరకం వైపు మాత్రం ఒక్క దయ్యం కూడా లేదు. మనుషులు తమంతట తామే, ఒకరినొకరు లాక్కుంటూ మంటల వైపు పడిపోతుంటారు. శిక్ష బయటినుంచి వచ్చేది కాదు, మనిషి తన బరువుతో తాను దిగిపోవడమే అన్న అర్థం ఇందులో ఉంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
ఓటన్, పాడువా, బోన్ చిత్రాలను చూసినవారు ఎవరు? ఆ తేడా చిత్రాల మీద ఎలాంటి ప్రభావం చూపింది? ఐదు వాక్యాల్లో రాయండి.

7.5 మునిగిపోయేవారి పక్షాన: మైకెలాంజెలో ‘జలప్రళయం’

రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో 1508–1512 మధ్య ఆదికాండ కథలు చిత్రించాడు. అందులో జలప్రళయం ఒకటి. ఈ కథను చూపే చిత్రాల్లో సాధారణంగా నోవహు, అతని కుటుంబం, జంతువులు, ఓడ ముఖ్యంగా ఉంటాయి. మైకెలాంజెలో ఓడను చాలా వెనక్కు, చిన్నదిగా పెట్టాడు. మన దగ్గరగా ఉన్నది మునిగిపోబోయే జనం.

వారు గట్టు మీదికి ఎక్కుతుంటారు. ఒక మగవాడు ఒక స్త్రీని వీపున మోసుకొస్తుంటాడు. ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని ఉంటుంది. ఒకామె ఇంటి సామాను నెత్తిన పెట్టుకుని నడుస్తుంటుంది. రాతి దిబ్బ మీద ఒక ముసలివాడు వాలిపోయిన యువకుణ్ణి చేతుల్లో మోసుకొస్తాడు. మరోవైపు నిండిపోయిన పడవలో చోటు కోసం కొట్టుకునేవారూ ఉన్నారు.

ఆదికాండం ప్రకారం వీరంతా దుష్టులు. చిత్రంలో మాత్రం వారి దుష్టత్వం కన్న, ఒకరి కోసం ఒకరు పడే తపన ఎక్కువగా కనిపిస్తుంది. చిత్రకారుడు తీర్పును తప్పు పట్టడం లేదు, కథను మార్చడం లేదు. ఎంచుకున్న ఘట్టం మాత్రమే వేరు. ఓడ తలుపు మూసుకున్న తరవాత బయట ఏం జరిగి ఉంటుందో చూపాడు. మనం నిలబడినది ఓడలో కాదు, గట్టు మీద. తీర్పు న్యాయమైనదే అయినా దాన్ని అనుభవించేవారు మనుషులేనన్న సంగతి ఈ చిత్రం మరిచిపోనివ్వదు.

7.6 చిత్రం మీద తీర్పు: మైకెలాంజెలో ‘అంతిమ తీర్పు’

అదే చాపెల్‌లో బలిపీఠం వెనుక గోడ మీద మైకెలాంజెలో 1536–1541 మధ్య అంతిమ తీర్పును చిత్రించాడు. పాడువాలో వెళ్లేటప్పుడు కనిపించే దృశ్యం ఇక్కడ ప్రార్థన చేసినంతసేపూ ఎదురుగానే ఉంటుంది. గడ్డం లేని, కండలు తిరిగిన క్రీస్తు చెయ్యి ఎత్తుతాడు. పక్కనున్న మరియ తల తిప్పుకుంటుంది. పాత చిత్రాల్లో ఆమె మనుషుల తరఫున వేడుకునేది. ఇక్కడ ఆ సమయం దాటిపోయింది. చుట్టూ ఉన్న పరిశుద్ధుల ముఖాల్లో కూడా ఆందోళన ఉంది. చర్మం ఒలిచి చంపబడిన బార్తొలొమయి చేతిలో వేలాడే చర్మం మీది ముఖం చిత్రకారుడిదేనని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే మైకెలాంజెలో తనను తాను న్యాయాధిపతి పక్కన కాక, తీర్పు కోసం ఎదురుచూసేవారిలో పెట్టుకున్నాడు.

ఈ చిత్రం కూడా తీర్పుకు గురైంది. పోప్ కొలువులోని బియాజో ద చెసేనా అనే అధికారి ఇందులోని నగ్న శరీరాలను ఆక్షేపించాడని, మైకెలాంజెలో అతని ముఖాన్ని నరక న్యాయాధిపతి మినోస్‌కు పెట్టాడని ఆనాటి రచయిత వసారి రాశాడు. మైకెలాంజెలో 1564లో మరణించాడు. ఆ తరవాత చర్చి పెద్దల నిర్ణయం మేరకు దనియేలె ద వొల్తెర్రా కొన్ని శరీరాలకు బట్టలు చిత్రించాడు.

7.7 రాత కనిపిస్తుంది, దేవుడు కనిపించడు: రెంబ్రాంట్

17వ శతాబ్దపు హాలండ్‌లో ప్రొటెస్టెంట్ చర్చి గోడలు చాలావరకు ఖాళీగా ఉండేవి. బైబిల్ చిత్రాలను ఇళ్లలో పెట్టుకోవడానికి కొనుక్కునేవారు. ఆ కాలంలో, 1636–1638 ప్రాంతంలో, రెంబ్రాంట్ ‘బెల్షస్సరు విందు’ చిత్రించాడు. ఇది ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

బబులోను రాజు బెల్షస్సరు యెరూషలేము దేవాలయం నుంచి దోచుకొచ్చిన పవిత్ర పాత్రల్లో ద్రాక్షారసం తాగుతుండగా ఒక చెయ్యి ప్రత్యక్షమై గోడ మీద రాస్తుంది. దాన్ని రాజు పండితులెవరూ చదవలేకపోతారు. రాజ్యపు రోజులు లెక్కకు వచ్చాయని, రాజును త్రాసులో తూచగా తక్కువ తూగాడని, రాజ్యం పంచబడుతుందని దానియేలు దాని అర్థం చెబుతాడు. ఆ రాత్రే రాజు హతుడవుతాడు.

రెంబ్రాంట్ చిత్రంలో దానియేలు లేడు, త్రాసు లేదు, దేవుని రూపం లేదు. మబ్బులోంచి వచ్చిన చెయ్యి, వెలిగే అక్షరాలు, ఉలిక్కిపడి లేచిన రాజు, ఒలికిపోతున్న పాత్ర ఉన్నాయి. హీబ్రూను కుడి నుంచి ఎడమకు అడ్డంగా రాస్తారు. ఇక్కడ అక్షరాలు నిలువు వరసల్లో ఉన్నాయి. పండితులు ఎందుకు చదవలేకపోయారన్న ప్రశ్నకు యూదుల వివరణల్లో ఇదొక జవాబు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్‌కు పరిచయమున్న యూదు పండితుడు మెనాసే బెన్ ఇజ్రాయెల్ ద్వారా ఇది ఆయనకు తెలిసి ఉంటుందని భావిస్తున్నారు.

అర్థం చెప్పేవాడు ఇంకా రాకముందు క్షణాన్ని రెంబ్రాంట్ ఎంచుకున్నాడు. కథ తెలిసిన మనకు తీర్పు తెలుసు. రాజుకు తెలియదు, అయినా భయపడ్డాడు. తీర్పు అర్థం కాకముందే అది తన గురించేనని మనిషికి తెలిసిపోతుందన్నది ఈ చిత్రం చెప్పే మాట.

7.8 సారాంశం

దైవతీర్పు చిత్రాలన్నీ చూసేవారికి ఒక స్థానం కేటాయిస్తాయి. ఓటన్‌లో మనం వరసలో నిలబడిన యాత్రికులం. పాడువాలో ధనం, పాపం, ప్రాయశ్చిత్తం మధ్య బేరానికి సాక్షులం. బోన్‌లో త్రాసు ఎదుట ఉన్న రోగులం. జలప్రళయంలో మునిగేవారి పక్కన ఉన్నాం. సిస్టీన్ బలిపీఠం దగ్గర చిత్రకారుడితో కలిసి ఎదురుచూసేవాళ్లం. రెంబ్రాంట్ విందులో రాజుతోపాటు గోడ వైపు చూస్తాం. కాలం గడిచేకొద్దీ భయం తగ్గి జాలి పెరిగిందని తేలికగా చెప్పడానికి వీల్లేదు. దయ్యాలు లేని బోన్ చిత్రం సిస్టీన్ తీర్పు కన్న పాతది. స్థలం, చూసేవారు, ఎంచుకున్న ఘట్టం మారినప్పుడల్లా తీర్పు అర్థం మారింది. మరొకరికి పడిన శిక్షను దూరం నుంచి చూసి తృప్తిపడే అవకాశాన్ని మాత్రం ఈ ఆరింటిలో ఏదీ మనకు ఇవ్వదు.

7.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తీర్పు చిత్రం తన కాలపు సమాజాన్ని ఎలా ప్రతిబింబిస్తుందో జొట్టో రచన ఆధారంగా వివరించండి.
2. మైకెలాంజెలో వేసిన ‘జలప్రళయం’, ‘అంతిమ తీర్పు’ చిత్రాలను మూడు ప్రశ్నల సాయంతో పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. టింపనం అంటే ఏమిటి? ఓటన్ శిల్పం విప్లవ కాలంలో ఎలా మిగిలింది?
2. రెంబ్రాంట్ చిత్రంలో దానియేలు లేకపోవడం వల్ల కలిగే ప్రభావం ఏమిటి?