జీతం నెలకొకసారి, తృప్తి రోజూ

పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దలు అబ్బాయి ఉద్యోగం గురించి నాలుగు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. జీతమెంత, పర్మనెంటేనా, బదిలీలుంటాయా, పై రాబడి ఏమైనా ఉందా? ఈ రోజుల్లో అమ్మాయిని కూడా ఇవే అడుగుతున్నారు. 'ఆ పని చేస్తూంటే నీకు సంతోషంగా ఉంటుందా నాయనా?' అని అడిగిన పెద్దమనిషిని మాత్రం నేనింతవరకూ చూడలేదు. అడిగితే అబ్బాయి తెల్లబోతాడు, వాళ్ళ నాన్న నొచ్చుకుంటాడు!

కాని ఆలోచించండి. మెలకువగా ఉన్న కాలంలో సగానికి సగం ఉద్యోగానికే ధారపోస్తాం. అక్కడి విసుగు సంచిలో పెట్టుకుని ఇంటికి తెస్తాం. దాన్ని భార్యమీదో, భర్తమీదో, హోంవర్కు చేసుకుంటున్న పిల్లలమీదో దులుపుతాం. అందుచేత ఉద్యోగంలో తృప్తి అన్నది ఒక్కరి గొడవ కాదు, ఇంటిల్లిపాదిదీనీ.

నేను గుమాస్తాగా చేరి, ముప్ఫైరెండేళ్ళ తరువాత సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం - నా సర్వీసంతా ఈ మూడు ఊళ్ళ మధ్యే గడిచింది. పెద్ద హోదాలు చూడలేదు గాని, పనిమీద మనసు నిలిచేదెందుకో, విరిగేదెందుకో మాత్రం దగ్గరగా చూశాను.

మదనపల్లెలో నాకు అప్పగించినది పింఛను కాగితాల బల్ల. ఫైలు వచ్చేది, లెక్క కట్టేవాణ్ణి, ఫైలు పోయేది. గానుగెద్దుకూ నాకూ తేడా ఏమిటా అనిపించేది. ఒకనాడు ఒక ముసలావిడ కిటికీ దగ్గర నిలబడి, "నా కాగితం రాసింది నువ్వేనా అబ్బయ్యా?" అని అడిగింది. చనిపోయిన భర్త పింఛను మొదటిసారి చేతికొచ్చిందట. మనవడి ఫీజు కట్టి, ఆ రసీదు నాకు చూపించడానికే వచ్చింది. నా పనికి చివర ఒక మనిషి ఉందని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి ఫైలు విప్పగానే అంకెలకంటే ముందు పేరు చదవడం అలవాటు చేసుకున్నాను. పని మారలేదు, జీతమూ మారలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళే నడక మారింది.

ఇది గుమాస్తాల సంగతే కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. అక్కడి క్షయ శానిటోరియం పేరు మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. డెన్మార్కునుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. ఆయన పని మొదలుపెట్టేనాటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. అంతకుముందు రోగికి ఇవ్వగలిగినవి ముఖ్యంగా విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. కోలుకున్నవారు కోలుకునేవారు, తక్కినవారు కళ్ళముందే పోయేవారు. అటువంటిచోట వైద్యుడు ఏళ్ళతరబడి ఎలా పనిచేశాడు? గెలుపులు లెక్క పెట్టుకుంటే ఏడాదికే పెట్టె సర్దుకోవలసింది. రోగిని మనిషిగా చూడగలిగినవారే అక్కడ నిలవగలిగి ఉంటారు.

అదే శానిటోరియంలో ఆయన కుమారుడు డాక్టరు యోహాన్నెస్ ఫ్రిమాట్ మోలర్ 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల పల్లెల్లో క్షయ సర్వే నడిపారు. దాని ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక 1960లో ప్రచురించింది. నివేదికమీద డాక్టర్ల పేర్లు ఉంటాయి. కాని మనుషుల పేర్లు, వయసులు రాసుకున్న చేతులు లేకపోతే ఆ నివేదిక ఎక్కడిది? పుటమీద పేరు లేకపోయినా పనిలో పాలు ఉంటుంది. చిన్న ఉద్యోగులం ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

రెండో సంగతి, చేతిలో ఒక విద్య పెరుగుతూ ఉండాలి. తెనాలినుంచి ఆలూరి వెంకట సుబ్బారావు అనే యువకుడు క్షయతో ఈ శానిటోరియానికే వచ్చాడు. మంచంమీద పడుకోవడమే అప్పటి వైద్యం. ఆ ఖాళీలో ఆయన సాటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడు. కోలుకున్నాక శరత్ నవలలను తెలుగువారికి అందించాడు. ఆయనే చక్రపాణి. 1947లో నాగిరెడ్డిగారితో కలిసి 'చందమామ' తెచ్చిన చక్రపాణిగారే! ఆ బెంగాలీ పాఠాలు ఎందుకు పనికొస్తాయో నేర్చుకుంటున్నప్పుడు ఎవరికి తెలుసు?

మదనపల్లె బీసెంటు కళాశాలలోనూ ఇలాంటిదే జరిగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు అక్కడికి వచ్చి, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఐర్లండులో సంగీతం చదువుకుని పట్టం పుచ్చుకున్న మనిషి ఆమె. సముద్రాలు దాటివచ్చినా ఆ విద్యను మూలన పడేయలేదు గనుకనే ఆ రోజున అక్కరకొచ్చింది.

ఇక తృప్తిని తినేసే చెదపురుగు ఒకటుంది. దాని పేరు పోలిక. పుంగనూరులో ఉండగా నాకంటే నాలుగేళ్ళు వెనక చేరినవాడికి ప్రమోషనిచ్చి, నన్ను వదిలేశారు. నాలుగు నెలలు అన్నం సయించలేదు. మా ఇంటి యజమానికి ఒక పుంగనూరు ఆవు ఉండేది. మీకు తెలుసుగదా, మూడడుగుల ఎత్తు ఆవు. జర్సీ ఆవు పక్కన నిలబెడితే దూడ అనుకుంటారు. రోజుకు రెండు మూడు లీటర్లకు మించి ఇవ్వదు. కాని మామూలు ఆవుపాలలో వెన్న నూటికి మూడు నాలుగు పాళ్ళుంటే, దీని పాలలో ఎనిమిదిదాకా ఉంటుందని పేరు. "ఇంత తక్కువ పాలిచ్చే ఆవును ఎందుకండీ ఉంచుకున్నారు?" అంటే ఆయన నవ్వి, "దాని మేతెంత, అది తట్టుకునే ఎండెంత అని చూడాల గానీ, పక్కింటి జర్సీతో పోలిస్తే ఎట్లా సార్?" అన్నాడు. అందరూ లీటర్లే లెక్కబెట్టడంవల్ల ఆ జాతి ఒకప్పుడు కనుమరుగయ్యే దశకు వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని జాగ్రత్తగా కాపాడవలసి వచ్చింది. ఇప్పుడు దానికి ఎంత గిరాకీయో చూస్తున్నారుగా!

అయితే తృప్తి అంటే నోరు మూసుకుని పడి ఉండడం కాదు. నా ప్రమోషను గురించి అర్జీ పెట్టాను, రెండేళ్ళు తిరిగాను, సాధించాను. హక్కుకోసం అర్జీ రాయాలి. రాశాక మిగిలిన రోజును ఆ అర్జీకి బలి ఇవ్వకూడదు. 'సేవాభావం ఉండాలోయ్' అంటూ న్యాయమైన జీతం ఎగ్గొట్టే యజమానులున్నారు. వారి నోట తృప్తి అనే మాట వింటే జాగ్రత్తపడండి.

కుప్పంలో మా అక్క ఉంటుంది. వాళ్ళమ్మాయి రోజూ తెల్లవారకముందే రైలెక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్ళేది. భీమా క్లెయిముల కంపెనీ. ఒక ఆదివారం నన్నడిగింది: "తెరమీద అంకెలొస్తాయి, పోతాయి. ఎవరివో తెలీదు. మానేసేదా మామా?" ఇంటి అప్పు వాయిదాలు ఆ పిల్ల జీతంమీదే నడుస్తున్నాయి. మా అక్క గుమ్మం దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టి వింటోంది.

కుప్పం దగ్గరే గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ ఉంది. రామ్‌జీ రాఘవన్‌గారు విదేశంలో బ్యాంకు ఉద్యోగం వదిలివచ్చి, 1999లో దాన్ని ప్రారంభించారు. పల్లె పిల్లలు సైన్సును చేత్తో పట్టుకుని నేర్చుకునే చోటు అది. గొప్ప పని. కాని అందరమూ అలా వదిలి రాలేం. అందుకని మా మేనకోడలికి మానేయమనీ చెప్పలేదు, భరించమనీ చెప్పలేదు. మూడు ప్రశ్నలు వేశాను. నీ పని చివర ఉన్న మనిషి నీకు కనబడే మార్గముందా? అక్కడ నేర్చుకునేది ఇంకా మిగిలి ఉందా? మానేస్తే ఆరు నెలలు ఇల్లు గడుస్తుందా?

ఆ పిల్ల తెలివైనది. పైఅధికారిని అడిగి, రోగుల బంధువులతో ఫోనులో మాట్లాడే విభాగానికి మారింది. పనిమీద ఇష్టం కుదిరింది గాని రైలు ప్రయాణం ఒంటికి పడలేదు. చేతిలో ఆరు నెలల ఖర్చు కూడబెట్టుకుంటూ, దగ్గరలో అలాంటి పనికోసం వెతుకుతోంది. అదీ మంచిదే. కాళ్ళకింద నేల చూసుకుని ఉద్యోగం మారడం చపలత్వం కాదు.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఒక పని చేసి చూడండి. ఇంట్లో ఉద్యోగం చేసేవారిని 'ఇంక్రిమెంటు ఎప్పుడు?' అని అడగకుండా, 'ఇవాళ నీ పనివల్ల ఎవరికి మేలు జరిగింది?' అని అడగండి. వంటింట్లో పనిచేసినవారిని కూడా అడగండి సుమా! మొదటిరోజు జవాబు రాకపోవచ్చు. నాలుగోరోజుకు ఒక పేరు గుర్తొస్తుంది. నెల గడిచినా ఒక్క పేరూ రాకపోతే, అప్పుడు ఆ ఉద్యోగం గురించి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించవలసిందే.