గంటలు లెక్కింపని బడి

విద్యను దేనితో కొలువవలెను? ధాన్యమును కుంచముతో, వస్త్రమును గజముతో కొలుచునట్లు చదువును గంటలతో కొలుచుట లోకాచారమైనది. అమెరికాలో ఈ ఆచారము పాదుకొన్న వృత్తాంతము విచిత్రమైనది. 1905లో ఆండ్రూ కార్నెగీ కళాశాలల ఆచార్యులకు వృద్ధాప్యభృతి నొసగుటకై కోటి డాలర్ల నిధిని నెలకొల్పెను. ఆ భృతికి అర్హత గల కళాశాల యేది? ఉన్నత పాఠశాలలో తగినంత చదివినవారినే చేర్చుకొనునది. తగినంత యనగా నెంత? ఒక విషయమున సుమారు 120 గంటల బోధన జరిగిన అది యొక ప్రమాణము. అట్టివి కొన్ని పూర్తి కావలెను. ఇట్లు ఆచార్యుల భృతికై పుట్టిన లెక్క బాలబాలికల చదువునకు కొలబద్ద యయ్యెను.

ఈ కొలతలో కాలము స్థిరము, నేర్పు అస్థిరము. సంవత్సరము ముగియగానే భిన్నములు సగమే తెలిసిన బాలుడు పై తరగతికి పోయి బీజగణితమున అడుగిడును. అచ్చట తడబడినప్పుడు ‘వీనికి లెక్కలు రావు’ అందుము. వానికి రానిది రెండేండ్ల క్రిందటి భిన్నములు. పునాదిలోని బీట పై అంతస్తున కనబడినది.

దీనిని తలక్రిందులు చేసి, నేర్పును స్థిరముగ నుంచి కాలమును సడలించిన నేమి? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. షికాగో సమీపమున విన్నెట్కా పురమున విద్యాధికారి కార్ల్‌టన్ వాష్‌బర్న్ 1919 నుండి ప్రతి విద్యార్థిని తన వేగముతోనే నడువనిచ్చెను. తగిన కాలమును, సహాయమును లభించినచో విద్యార్థులలో అత్యధికులు సంపూర్ణముగ నేర్వగలరని 1968లో బెంజమిన్ బ్లూమ్ వాదించెను.

అయినను ప్రభుత్వ పాఠశాలలోని తరగతి గోడలను కదలించు టెట్లు? అందుకొక త్రోవ ఛార్టరు పాఠశాల. 1988లో ఉపాధ్యాయ సంఘనాయకుడు ఆల్బర్ట్ షాంకర్ ఈ భావమునకు ప్రచారము కల్పించెను. 1991లో మిన్నెసోటా రాష్ట్రము మొదటి శాసనమును చేసెను. 1992లో సెయింట్ పాల్ నగరమున మొదటి ఛార్టరు బడి తెరువబడెను. ఇట్టి బడి ప్రభుత్వ ధనముతో నడచును, రుసుము గైకొనదు. ఒక స్వతంత్ర మండలి ఒడంబడిక వ్రాసి దానిని నిర్వహించును. అనేక నిబంధనల నుండి దానికి విముక్తి కలదు. ప్రతిగా, వాగ్దానము చేసిన ఫలితమును చూపనిచో ఒడంబడిక రద్దు కావచ్చును.

ఈ బడులలో కొన్ని ప్రావీణ్యమునే ప్రాతిపదికగ గ్రహించినవి. అచ్చట ప్రతి విషయమునకును ‘విద్యార్థి ఇది చేయగలడు’ అను వాక్యముల పట్టిక యుండును. నూటి కిన్ని మార్కులని వేయుటకు బదులు ఆరంభించినాడు, సమీపించినాడు, సాధించినాడు అని నిర్ణయింతురు. శ్రద్ధయు, సమయపాలనమును వేరుగ లెక్కింతురు. కావున అభ్యాసమును ఆలస్యముగ నిచ్చినంత మాత్రమున తెలిసినది తెలియనిదిగ మారదు. తప్పినవాడు మరల చదివి మరల పరీక్ష నీయవచ్చును.

ఛార్టరు బడులకే ఇది పరిమితము కాదు. అలాస్కాలోని చుగాచ్ విద్యామండలము 22,000 చదరపు మైళ్లలో చెదరిన పల్లెలది. 2001 నాటికి అచ్చటి విద్యార్థులు రెండువందల పైచిలుకు. అది తరగతులను మాని ఈ పద్ధతిని చేపట్టి 2001లో బాల్డ్రిజ్ జాతీయ పురస్కారము నందెను. మన మదనపల్లె చెంత రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రము రూపొందించిన అభ్యాసపత్రముల నిచ్చెనయు ఇట్టిదే. ఒకే గదిలో వేర్వేరు వయస్సుల పిల్లలు కూర్చుందురు. ఒక మెట్టు వచ్చిన పిదపనే మరియొక మెట్టు.

ఐనను ఇది నల్లేరుపై నడక కాదు. మెయిన్ రాష్ట్రము ఉన్నత పాఠశాల పట్టమును ప్రావీణ్యమును బట్టియే యీయవలెనని 2012లో శాసించి, 2018లో ఆ నిర్బంధమును తొలగించెను. ప్రావీణ్యమన నేమో ఊరూరికి వేరాయెను. క్రొత్త గుర్తులు తలిదండ్రులను తికమక పెట్టెను. పట్టిక పెరిగిన కొలది విద్య చిల్లర ముక్కలగు ప్రమాదమును కలదు. పద్యమును విని పులకించిన బాలిక హృదయమును ఏ గడిలో గుర్తింపగలము? ‘నీ వేగముతో నడువుము’ అని విడిచిపెట్టినచో వెనుకబడినవాడు వెనుకనే యుండును. బ్లూమ్ కాలముతో పాటు సహాయమును కోరెనని మరువరాదు. అన్నిటిని మించి, బడి మనుగడయే ఫలితముపై ఆధారపడినపుడు మెట్టు ఎత్తును తగ్గించు ప్రలోభము కలుగును. గడియారము అబద్ధమాడదు, ‘సాధించినాడు’ అను మాట ఆడవచ్చును.

కావున ఈ పద్ధతికి ఆయువుపట్టు ఉపాధ్యాయుని సత్యసంధత. ‘నీకు రాదు’ అనుట సులభము. ‘వచ్చినది, పొమ్ము’ అనుట మరింత సులభము. ‘ఇంకను రాలేదు, రమ్ము, మరల చూతము’ అనుటకు ఓర్పు వలయును, తీరిక వలయును, పేరు పేరున పిల్లల నెరుగ వీలైన చిన్న తరగతి వలయును. వీనిని ఉపాధ్యాయునకు సమకూర్పని ప్రభుత్వము ఎంత చక్కని ప్రమాణములను వ్రాసినను అవి కాగితముపైననే నిలిచిపోవును.